ఎర్ర మాత్ర పక్కన రేగి వడియం

నేను ఒక రేగి వడియాన్ని. నవ్వకండి. గుమ్మడి వడియంతోనూ అప్పడంతోనూ నన్ను జమకట్టకండి. వాళ్ళు కాగే నూనెలో పడితే గానీ నోట్లోకి రారు. నాకు పొయ్యి అక్కర్లేదు. ఎండలో ఎండి తిన్నగా నాలుక మీదికి వచ్చే జాతి మాది. నన్ను తలుచుకుంటేనే నోట్లో నీళ్ళూరతాయి. ఊరాయా? మరి!

కనిగిరి వైపు మెట్టపొలాల గట్ల మీద పెరిగే రేగుచెట్టు మా అమ్మ. ఆమెను ఎవరూ నాటలేదు, చెంబెడు నీళ్ళు పోయలేదు. ముళ్ళు కంచెకు పనికొస్తాయని నరక్కుండా వదిలేశారంతే. మనుషులు అంతే లెండి, బజార్లో అద్దాల పెట్టెలో పెట్టిన పండుకే బలముందనుకుంటారు. పుష్యమాసంలో వెంగమ్మ అనే పెద్దావిడ వచ్చి, ముళ్ళు గీరుకుపోతుంటే చెట్టును తిట్టుకుంటూనే పళ్ళన్నీ ఒడిలో నింపుకుంది. రోట్లో వేసి, పచ్చిమిరపకాయలు, బెల్లం, ఉప్పు, జీలకర్ర కలిపి రోకలితో దంచింది. అబ్బ, ఆ దంపుడు! చేతికి నూనె రాసుకుని ముద్ద చేసి, అరచేతిలో ఒత్తి మిద్దె మీద పరిచింది. అలా పుట్టాను.

ఎండకు నాలోని నీరంతా పోయింది. విటమిన్ సి కూడా కొంత ఎండ పట్టుకుపోయింది, అబద్ధమెందుకు ఆడాలి? కానీ మిగిలింది తక్కువేం కాదు. పీచు ఉంది, పొటాషియం ఉంది, కాస్త ఇనుము ఉంది, నాలుకను జివ్వుమనిపించే పులుపు ఉంది. పురుగుల నుంచీ ఎండ నుంచీ తనను కాచుకోవడానికి చెట్టు తయారుచేసుకునే పాలీఫినాల్స్ ఉన్నాయి. పండు తొక్కకు ఆ రంగు, ఆ కాస్త వగరు చాలావరకు వాటి చలవే. ఈ పేర్లన్నీ వడియానికెలా తెలుసంటారా? మా డబ్బా ఉన్న వంటింట్లోనే వెంగమ్మ మనవరాలు కోమలి సైన్సు పాఠం గొంతు చించుకుని చదివేది. నా గురించే చదువుతోందని నేను డబ్బాలో పొంగిపోయేదాన్ని.

పేరుకే కోమలి. పట్టు మాత్రం ఉడుంపట్టు. బడి కబడ్డీ జట్టులో ఆ పిల్ల కూతకు వెళితే అవతలి జట్టు గోడకు అతుక్కున్నట్టు వెనక్కి పోయేది. అలాంటి పిల్ల వానాకాలం మొదలయ్యేసరికి బిందె ఎత్తితే ఆయాసపడటం మొదలుపెట్టింది. ఆటలో రెండుసార్లు కళ్ళు తిరిగి కూలబడింది. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ వేలు గుచ్చి చూసి, రక్తం బాగా తక్కువుందని చెప్పి ఎర్రటి ఇనుము మాత్రలు ఇచ్చింది. ఆట నేర్పే జిలానీ సారు ఇంటికే వచ్చాడు.

"అవ్వా, దసరా సెలవుల తర్వాత జిల్లా పోటీలు. ఈలోగా రక్తం పెరగకపోతే పిల్లను తీసకపోలేను. కోర్టులో పడిపోతే ఏమన్నా ఉందా?"

"పెరక్క యాడికి పోద్ది సారూ! నేను లేనా?" అంది వెంగమ్మ.

ఉంది కదా, అదే వచ్చిన చిక్కు. కోమలి అమ్మ పొద్దున్నే కూలికి పోతుంది కాబట్టి మాత్రల పెత్తనమంతా నాయనమ్మదే. ఆవిడ లెక్కలో మాత్ర గొంతు దిగాలంటే వేడివేడి టీ ఉండాలి. అంతేకాదు, మందు వాడేటప్పుడు పులుపు ముట్టకూడదు. పథ్యం! చింతపండు చారు బంద్, నిమ్మకాయ బంద్, నేను బంద్. మా డబ్బాను అటక మీదికి ఎక్కించి, పైన బరువుకు రుబ్బురాయి పొత్రం పెట్టింది.

నా కడుపు మండిపోయింది. టీలో ఉన్నవీ నాకు వరసకు చుట్టాలే. టానిన్లని, పాలీఫినాల్స్ ఇంటివాళ్ళే. వేరేచోట మంచివాళ్ళేమో గానీ, కడుపులో ఇనుము కనపడితే చాలు, వాటేసుకుని వదలరు. దాన్ని ఒంట్లోకి పోనివ్వకుండా వచ్చిన దారిన బయటికి సాగనంపుతారు. నాలోనూ ఆ వగరు కొంచెం ఉంది, కాదనను. కానీ పులుపు పక్కనుంటే ఇనుము మెత్తబడి ఒంటికి పడుతుంది. పట్టించేదాన్ని అటకెక్కించి, పట్టనివ్వనిదాన్ని గ్లాసులో పోసి చేతికిస్తే రక్తం ఎలా పెరుగుతుంది?

రోజూ పొద్దున అదే తంతు. "తాగవే తల్లీ, మాత్ర మింగి తాగు." నేను పైనుంచి అరుస్తూనే ఉన్నాను. వడియం అరుపు ఎవరికి వినపడుతుంది? మళ్ళీ వేలు గుచ్చితే రక్తం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. వెంగమ్మ దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఎర్రగా ఉంటుంది కదా రక్తమవుతుందని బీట్‌రూట్ ఉడకబెట్టి తినిపించింది. సెలవులు దగ్గర పడుతున్నాయి. ఒకరోజు కోమలి వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. "నా చోట్లో ఇంకో పిల్లను ఆడిస్తన్నాడు నాయనమ్మా సారు" అంది. ఆ ఏడుపు విని నాకు నిజంగా దుఃఖం వచ్చింది. ఇంత పులుపు ఉండి ఏం లాభం అనిపించింది.

మర్నాడు వెంగమ్మ తలస్నానం చేసి పోలేరమ్మ గుడికి వెళ్ళింది. పెద్ద మొక్కు మొక్కుకోవాలంటే ప్రాణప్రదమైనది వదులుకోవాలి కదా. ఆవిడకు మనవరాలి తర్వాత అంత ప్రాణం టీ. వచ్చి పొయ్యి ముందు నిలబడి గట్టిగా చెప్పింది.

"పిల్లకు రక్తం పట్టేదాకా ఈ ఇంట్లో టీ కాగదు. నాకు కాదు, ఎవరికీ కాదు!"

నేను డబ్బాలో ఎగిరి గంతేశాను! తెలిసి చేసిందా, తెలియక చేసిందా, ఎవరికి కావాలి? పీడ విరగడైంది. పాపం ముసలావిడ తల బద్దలవుతోందని నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, కనపడిన ప్రతివాళ్ళ మీదా విరుచుకుపడింది. కోళ్ళు కూడా ఆ వైపు రాలేదు.

అయితే టీ లేకుండా మంచినీళ్ళతో మింగేసరికి కోమలికి నోరంతా తుప్పు వాసన కొట్టింది. పరుగెత్తుకెళ్ళి వాంతి చేసుకుంది. మాత్రా పోయింది. రెండోరోజూ అంతే. వెంగమ్మ స్టూలెక్కి, పొత్రం తీసి పక్కన పెట్టింది. డబ్బా మూత తెరుచుకుంది. వెలుతురు!

"పథ్యం పోతే పోయింది. మాత్ర లోపల నిలిస్తే అదే పదివేలు. ఇది బుగ్గన పెట్టుకోవే."

మా వాడొకడు కోమలి బుగ్గలోకి వెళ్ళాడు. ఆ పుల్లటి, తియ్యటి, కారపు దెబ్బకు వికారం తోక ముడిచింది. మాత్ర నిలిచింది. ఇక రోజూ మాత్ర, వెనకే వడియం. డబ్బాలో మేం తగ్గుతున్నకొద్దీ ఆ పిల్ల మొహంలో కళ పెరిగింది. తగ్గిపోతున్నందుకు ఇంత సంబరపడే జాతి ఇంకోటి ఉంటుందా?

మళ్ళీ వేలు గుచ్చినరోజు నాయనమ్మ కొంగు ముడిలో ఉండి నేనూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. నర్సమ్మ చూసింది, మళ్ళీ చూసింది.

"బాగా పెరిగిందే! ఏం చేశారవ్వా?"

"అమ్మోరికి మొక్కుకుని టీ మానేసినా."

నర్సమ్మ పకపకా నవ్వింది. "మాత్ర టీతో ఏస్తన్నావా ఇన్నాళ్ళూ? నేనూ అడగలా, నువ్వూ చెప్పలా! టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదవ్వా. తాగాలంటే గంటా రెండు గంటలు ఆగాలి. మరి పులుపేమన్నా తిన్నదా? అది మంచిదే."

"ఏందో, ఆ తల్లి దయ" అంది వెంగమ్మ, నర్సమ్మ మాట సగమే చెవిన వేసుకుని. ఘనతంతా పోలేరమ్మ ఖాతాలో పడింది. నాకేం బాధలేదు. ఆవిడకైతే ఏడాదికోసారి జాతర చేస్తారు, నాకు చేస్తారా? దారిలో బడ్డీ కొట్టు దగ్గర వెంగమ్మ ఆగి వరసగా మూడు గ్లాసుల టీ తాగింది. మనవరాలికి చుక్క ఇవ్వలేదు.

కొంగు ముడిలోంచి మళ్ళీ డబ్బాలోకే చేరాను, అందరికంటే చివర మిగిలింది నేనే. జిల్లా పోటీల రోజు కోర్టు గీత పక్కన వెంగమ్మ నన్ను తీసి కోమలి నోట్లో పెట్టింది. "నోరెండకుండా ఉంటదిలే" అంది. కోమలి నన్ను గబగబా నమిలి మింగేసింది. కూత వేయబోయేవాళ్ళకు బుగ్గలో వడియం పెట్టుకునే తీరిక ఎక్కడిది?

అయ్యా, అమ్మా, కూతను కడుపులోంచి ఎప్పుడైనా విన్నారా? కబడ్డీ కబడ్డీ అని ఆ పిల్ల గొంతు పైన మోగుతుంటే లోపల నేను కరుగుతున్నాను. ఎవరో ఆమె కాలు పట్టుకున్నారు. ఇంకెవరో నడుము పట్టుకున్నారు. ఊపిరి అయిపోతోంది, గుండె దడదడ కొట్టుకుంటోంది. అయినా కూత ఆగలేదు, కళ్ళు తిరగలేదు. ఈడ్చుకుంటూ, ఈడ్చుకుంటూ వెళ్ళి చెయ్యి చాచి నడిగీత తాకింది. బయట వెంగమ్మ వేసిన కేక నాకు లోపలికి వినపడింది. నేను ఇక వడియాన్ని కాను, కోమలిని.