విమానాలకు ఇచ్చిన సెలవు

బ్యానరు మీది తెలుగు వాక్యాన్ని పుష్పవల్లి రెండోసారి చదవలేదు. ఒక్కసారికే సరిపోయింది. "యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం మలయా ప్రజలకు నాలుగు ఆకాశ స్వేచ్ఛలను ప్రసాదించింది."

మలేషియాలోని సుంగై పెటాని తెలుగువాళ్ల హాలులో, ఒకప్పటి రబ్బరు తోట పక్కనున్న పాత విమాన మైదానం గురించిన ప్రదర్శన అది. కాసేపట్లో ఆమె తల్లి దేవుడమ్మ, తొంభై దాటిన మనిషి, ఈ బ్యానరు కింద కూర్చుని రిబ్బను కత్తిరించాలి. ఆ మైదానానికి మన్ను మోసినవాళ్లలో ఊళ్లో మిగిలింది ఆవిడ ఒక్కతే. రేపు ఆ ఫొటో అందరి ఫోన్లలోనూ తిరుగుతుంది. తల్లి తల మీద ఈ "ప్రసాదించింది" ఉంటుంది.

"ఇది రాసిందెవరురా?"

"నానే పెద్దమ్మా," అన్నాడు శ్రీకుమార్, చెల్లెలి కొడుకు, ప్రదర్శన పెట్టినవాడు. "ఇంగ్లీషులో ఫ్రీడమ్స్ అనుంది. ఫోన్లో ఏసి తెలుగు సేసినాను. బాగుంది లా?"

"ప్రజలకు అని ఉందా అక్కడ?"

"నేదు. ఫ్రీడమ్ అంటే మనుసులకే గదా! ఇమానానికి ఫ్రీడమేటి?"

"ప్రశ్న బాగానే వేశావు. జవాబు తెలుసుకోకుండా అచ్చు వేయించావు."

కోపం పెరిగేకొద్దీ పుష్పవల్లి మాట పుస్తకంలోకి వెళ్లిపోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. చరిత్ర టీచరుగా రిటైరయినా ఆ అలవాటు పోలేదు.

"విను. పందొమ్మిది వందల నలభై నాలుగులో, మలయా ఇంకా జపాను చేతిలో ఉండగానే, యుద్ధం తరవాత విమానయానం ఎలా ఉండాలో లండన్ ప్రభుత్వం ప్రకటించింది. ఆకాశంలో క్రమం ఉండాలన్నది. పోటీకి హద్దు ఉండాలన్నది. ఒక దేశపు విమానం మరో దేశం మీదుగా పోవచ్చు, ఇంధనానికి దిగవచ్చు, తన దేశం నుంచి తెచ్చినవాళ్లను దించవచ్చు, తన దేశానికి వెళ్లేవాళ్లను ఎక్కించుకోవచ్చు. ఆ నాలుగూ విమానాలకు. కింద తట్ట మోసేవాళ్ల ఊసే అందులో లేదు. మలయాను అడిగినవాడూ లేడు. స్వేచ్ఛ కాదురా అది, సెలవు. విమానాలకు నాలుగు సెలవులు అని రాయి."

శ్రీకుమార్ పకపకా నవ్వాడు. "సెలవా? చూతీ అనుకుంటారు పెద్దమ్మా! నాలుగు పబ్లిక్ హాలిడేలు ఇచ్చేసినారని ఫేక్టరీ మానేస్తారు లా!"

"తోటలో సెలవంటే దొర వెళ్లనివ్వడం. మీ అమ్మమ్మనడుగు."

"ప్రింటయిపోనాది. అయినా ఎవుడు సదువుతాడు? మనోళ్లలో తెలుగు సదివేది నువ్వొక్కర్తివే."

పుష్పవల్లి బ్యానరు వైపు వేలు చూపింది. "చదవలేని జనం ముందు ఏ అబద్ధమైనా వేలాడదీయవచ్చునన్నమాట. అప్పటి పాలకులకు కూడా ఇంత ధీమా ఉండి ఉండదు."

అంతలో దేవుడమ్మ చక్రాల కుర్చీ లోపలికి వచ్చింది. జనం లేచి నిలబడ్డారు. ఎవరో ఆమె ఒళ్లో కత్తెర పెట్టారు. ఆమె తలెత్తి బ్యానరు చూసింది.

"ఏటి రాసినార్రా?"

శ్రీకుమార్ పెద్దమ్మ వైపు చూశాడు. పుష్పవల్లి ఒక్క అక్షరం మార్చకుండా, స్వరం మార్చకుండా చదివింది.

"మనకా?" అంది దేవుడమ్మ. "ఎవుళ్లిచ్చినారు?"

"మనకు కాదమ్మా. విమానాలకు. ఏ దేశం మీదుగానైనా పోవచ్చని, దిగవచ్చని."

"ఓహో, ఇమానాలకి సెలవిచ్చినారా." ఆమె కాసేపు కత్తెరను నిమిరింది. "తెల్లోళ్లు మళ్లొచ్చినాక రన్‌వే బాగు సెయ్యమన్నారు. దూరాన హుటాన్ మెలింటాంగ్‌లో మా అయ్య సచ్చిపోతన్నాడని కబురొచ్చినాది. దొరకాడికెళ్లి సెలవడిగినాను. పనయ్యేక ఎళ్లమన్నాడు. పనయ్యేక ఎళ్తే అయ్య ఏడీ? బూడిద కూడా నేదు." కత్తెర మనవడి వైపు చాపింది. "నాను కొయ్యను బాబూ. నాకు సెలవు నేదు. దొరనడిగిరా, పో."

ముందు వరసలో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కత్తెర ఆమె చేతిలో అలాగే చాచి ఉంది. శ్రీకుమార్ దాన్ని అందుకోలేదు.

పుష్పవల్లి అందుకుంది. ఖాళీ కుర్చీ ఒకటి లాక్కుని ఎక్కింది. అడుగు వరసలో ఉన్న ఆ వాక్యాన్ని ఎడమ అంచు నుంచి, పై వరసలోని ప్రదర్శన పేరుకు తగలకుండా, కోయడం మొదలుపెట్టింది. బ్యానరు గుడ్డ జారిపోతూ ముడతలు పడుతోంది.

"బిగించి పట్టుకో," అంది, కిందకి చూడకుండా.

శ్రీకుమార్ వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు. చివరి అక్షరం దాకా బిగించే పట్టుకున్నాడు. వాక్యం నేల మీద పడింది. బ్యానరు కింద కట్టిన రిబ్బను మాత్రం ఎవరూ ముట్టకుండా అలాగే ఉంది.