వరసలో ఆఖరి మనిషి

మిల్లులో అద్దకం మేస్త్రీ ఎప్పుడూ ఆఖరి మనిషే. జీతాల కిటికీ దగ్గరైనా, క్యాంటీన్ వరసలోనైనా తన వాళ్ళందరిదీ అయ్యాకే ఆయన వంతు. ఎవరూ పెట్టిన నియమం కాదు, మేస్త్రీ అయిన రోజు తనకు తానే పెట్టుకున్నాడు. దాంతో బయట ఆయనకు బోలెడంత మంచి పేరు వచ్చింది. ఇంట్లో ఆవిడకు మాత్రం చల్లారిపోయిన అన్నం మిగిలింది.

అద్దకం విభాగం మూసేసి అందర్నీ ఇంటికి పంపేశారు. ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా కూడా పోతుంది. కాకపోతే గడువులోగా వెళ్ళి సంతకం పెట్టి, ప్రీమియం సొంతంగా కట్టుకుంటే ఇంకో ఏడాది కొనసాగిస్తారు. మేస్త్రీ భార్యకు గుండె కవాటం పాడైంది. మరుసటి వారమే ఆపరేషన్. బీమా ఉంటే జరుగుతుంది, లేకపోతే లేదు.

అలాంటి మనిషి మొదటి రోజే పరుగెత్తాలా వద్దా? ఆయన ఇల్లిల్లూ తిరుగుతూ కూర్చున్నాడు. "ఉద్యోగమే పోయాక బీమా ఎందుకు మేస్త్రీ?" అన్నవాళ్ళను చెడామడా తిట్టాడు. "ఉద్యోగం పోయింది గానీ ఒళ్ళు పోలేదు కదరా!" అన్నాడు. బతిమాలో బెదిరించో, గడువు ఆఖరి రోజు మధ్యాహ్నానికి అందర్నీ బీమా ఆఫీసుకు తోలుకొచ్చాడు. అలవాటు ప్రకారం తాను చివర నిలబడ్డాడు.

వరస బాగానే కదిలింది. చివరికి ఆయనా, ఆయన ముందు అందరూ బాయిలర్ మామ అని పిలిచే పనివాడూ మిగిలారు. తీరా చూస్తే మామ గుర్తింపు కార్డు ఇంట్లో మర్చిపోయాడు. లబోదిబోమంటూ ఇంటికి పరుగెత్తాడు.

"ఈలోగా మీది చేసేస్తాను, రండి బాబాయ్ గారూ. ఐదు దాటితే కంప్యూటర్ తీసుకోదు," అంది కిటికీ వెనకమ్మాయి.

"మావాళ్ళందరిదీ కానివ్వమ్మా. ఇప్పుడే వచ్చేస్తాడు," అన్నాడు మేస్త్రీ.

మామ రొప్పుకుంటూ రానే వచ్చాడు. ఆయన పని పూర్తయింది. మేస్త్రీ కార్డు అందించేసరికి ఐదు దాటింది. ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది, పై అధికారికి ఫోన్ చేసింది. చివరికి కళ్ళనీళ్ళతో కార్డు వెనక్కి ఇచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య మంచం మీద కూర్చుని ఆసుపత్రి సంచిలో బట్టలు సర్దుకుంటోంది. ముఖం కళకళలాడుతోంది.

"బాయిలర్ మామ భార్య ఫోన్ చేసింది. అన్నయ్య చల్లగా ఉండాలి వదినా అంటూ ఒకటే ఏడుపు. అందరిదీ అయిపోయిందటగా?"

"అయింది," అన్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. కిటికీ వెనకమ్మాయి పిలిచిన సంగతి కూడా దాచలేదు.

ఆవిడ చేతిలోని చీరను ఒళ్ళో పెట్టుకుంది. కేకలు వేస్తుందేమోనని ఎదురుచూశాడు. వేసినా బాగుండేది.

"ఇన్నేళ్ళూ మీరు ఆఖర్న నిలబడ్డారు, నేనేమీ అనలేదు," అంది చివరికి. "కానీ ఇవాళ అక్కడ నిలబడింది మీరు కాదండీ. నన్ను నిలబెట్టారు."

ఆయన దగ్గరికి రాబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఆయాసపడుతూ లేచి, సంచిలోని చీరలు ఒక్కొక్కటే బీరువాలో పెట్టుకుంది.