పొగలో పలికినవాడు

ఇంగ్లండు రేవు పట్టణం సౌత్ షీల్డ్స్‌లో మా పక్క గుమ్మం ఓబెద్ థర్ల్‌వెల్‌ది. బొగ్గు ఓడల్లో పనిచేసేవాడు. భార్య తమ్ముడు జాబెజ్‌ది కూడా అదే ఓడ. ఒక ఏడు మార్చిలో సముద్రం మీద ఉండగా ఓడ అడుగున బొగ్గు రాజుకుంది. నీళ్లు కొట్టడానికి దిగిన జాబెజ్, ఐజాక్ ఫెన్విక్ పైకి రాలేకపోయారు. ఓబెద్ తడి గోనె కప్పుకుని దిగాడు. పొగలో చేతికి దొరికిన మనిషిని భుజాన వేసుకుని పైకొచ్చాడు. వెలుతురులో చూస్తే ఫెన్విక్. మళ్లీ దిగబోతే కెప్టెన్ అడ్డుపడి, అడుగుకు దిగే దారి మూత బిగింపజేశాడు. గాలి ఆడక మంట చచ్చింది. ఓడ బతికింది.

జాబెజ్ తల్లి డోర్కస్ కూతురి దగ్గరే ఉండేది. ఆనాటి నుంచి ఆవిడ అల్లుడి ముఖం చూడలేదు. ఫెన్విక్ మాత్రం ప్రతి ఆదివారం వచ్చి ఆవిడకు నీళ్లు మోసిపెట్టేవాడు. ఆవిడ అతన్ని కొడుకు కుర్చీలో కూర్చోబెట్టి చేపలు వేయించి పెట్టేది.

జూన్‌లో మేయరు నలుగురిలో ఓబెద్ రొమ్ముకు రాణిగారి తల ఉన్న వెండి పతకం గుచ్చాడు. సభ అయ్యాక బయట మెట్ల మీద ఫెన్విక్ అతని చెయ్యి పట్టుకున్నాడు. నేను వెనకే ఉన్నాను.

"కడుపులో దాచుకోలేకపోతున్నా ఓబెదూ. నువ్వు 'జాబెజ్, జాబెజ్' అని అరుస్తూ వచ్చావు కదా..."

"వచ్చాను."

"'ఇక్కడున్నా' అని పలికింది నేను. వాడు నా పక్కనే ఉన్నాడు. వాడు పలకబోతే నోరు నొక్కేశాను."

ఓబెద్ అతన్ని కొట్టలేదు. ఇంటికి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.

డోర్కస్ పతకం వంక చూసింది. "ఏం అల్లుడూ, బరువుగా ఉందా? నా కొడుకంత బరువుండదులే."

ఓబెద్ విన్నదంతా చెప్పాడు. నేనూ విన్నానన్నాను.

"ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారా?" అని ఆవిడ మమ్మల్ని కసిరి, ఫెన్విక్‌కు కబురు పంపింది. అతను రాగానే, "నిజమేనా నాయనా?" అని అడిగింది.

ఫెన్విక్ జాబెజ్ కుర్చీలో కూర్చున్నాడు. "పాపం, ఆ పొగ ఇంకా అతని తలలోంచి దిగలేదమ్మా."

ఓబెద్ తన భార్య హన్నా వైపు తిరిగాడు. "నువ్వైనా నమ్ముతావా?"

"బతికినవాళ్ల మీద నింద వెయ్యకు," అందామె. "మా తమ్ముణ్ణి నువ్వే వదిలేసొచ్చావు."

మర్నాడు ఓబెద్ బట్టల మూట వీధిలో పడింది. వారం తిరక్కుండా ఓబెద్ కలప ఓడెక్కి వెళ్లిపోయాడు. ఉత్తరం లేదు. అతని గదిలో ఇప్పుడు ఫెన్విక్ ఉంటున్నాడు. ఎదురుపడితే పలకరింపుగా టోపీ ఎత్తుతాడు. నేనూ ఎత్తుతాను. మాది ఇరుకు వీధి.