స్పీడు రుజువు కాలే

రాజయ్య దినాలకు పోదామని అంబదాసు తెల్లంగి తొడుక్కుంటుంటే ఫోన్ల మెసేజ్ మోగింది. రీచార్జిదో, బ్యాంకుదో అనుకొని తీసి చూసిండు. చలాన్. కారు నంబరు తనదే. తారీఖు గా సోమవారానిదే. ఎనభై దాటొద్దన్న పెద్ద రోడ్డు మీద నూట పద్దెనిమిది పోయినవని రాసుంది. లింకు నొక్కితే ఫోటో తెరుచుకుంది. స్టీరింగు మీదికి వంగి తను. పక్క సీట్ల ఫోన్ చెవికి ఆనిచ్చుకొని రాజయ్య అల్లుడు ఓంప్రకాశ్. వెనుక సీటంత చీకటి. ఆ చీకట్లనే పెండ్లాం బాలలక్ష్మి ఒళ్లె తలపెట్టి రాజయ్య ఊపిరి కోసం కొట్టుకుంటుండె.

"ఏందది?" అన్నది భార్య అనసూర్య, చాట ముందట పెట్టుకొని బీడీల ఆకు కత్తిరిస్తనే.

"గా రోజుది. స్పీడుగ పోయిన్నని చలాన్."

"పానం మీదున్న మనిషిని తీస్కపోతే గూడ ఏస్తరా?"

"మిషిన్‌కు ఏం తెలుస్తదే, లోపట ఎవలున్నరో."

ఎర్రగుంటపల్లెల కిరాయికి తిరిగే కారు అంబదాసుది ఒక్కటే. సిరిసిల్లల మరమగ్గాల మీద పదహారేండ్లు నిలబడి, మోకాళ్లు అరిగినంక, మగ్గం ఇడిసిపెట్టి స్టీరింగు పట్టిండు. వేములవాడ మొక్కులకు, పెండ్లిచూపులకు, దవాఖానలకు ఊరంత ఆయననే పిలుస్తుండె. అంబదాసు తోలితే కడుపుతోనున్న ఆడిపిల్ల గూడ నిద్రపోతదని పేరు. అంత నిమ్మళంగ తోలేటోడు.

గా సోమవారం పగటీలి పదకొండున్నరకు బాలలక్ష్మి ఫోన్ చేసింది. "అంబదాసూ, మీ కాకకు రొమ్ముల నొస్తుందట. జర జల్ది రా బిడ్డా."

ఐదు నిమిషాలల్ల కారు వాకిట్ల పెట్టిండు. రాజయ్య అరుగు మీద గోడకొరిగి చెమటలు కక్కుతుండె. బిడ్డ నవనీత చుట్టాలింటికి పోయింది, వాడకట్టోళ్లు పత్తి ఏరనీకి పోయిండ్రు, ఇంట్ల ఇద్దరే. రెక్క పట్టి లేపబోతే బాలలక్ష్మి ఆపింది. అల్లుడు పత్తి అమ్మనీకి మార్కెట్‌కు పోయిండు, కాంట అయితుంది, వస్తున్నడు, దవాఖాన కార్డులన్ని ఆయన బీరువల పెట్టి తాళమేసుకున్నడు అన్నది. ఫోన్ల ఓంప్రకాశ్ గొంతు అంబదాసుకు గూడ ఇనబడ్డది. "గ్యాసే అత్తమ్మా. ఇంత సోడ తాపుండ్రి. నేనొచ్చేదాక ఎవ్వలు కదలకుండ్రి."

అంబదాసు ఇంజను బంద్ చెయ్యలే. మూడుసార్లు లోపటికి పోయి "చిన్నమ్మా, కార్డులు ఎనుకకెల్లి వస్తయి, మనం పోదాం" అన్నడు. ఇంట్ల అల్లుని మాట దాటి ఆమె గడప దాటే మనిషి గాదు. ఇల్లుటం అల్లునిగ వచ్చిన ఎనిమిదేండ్ల సంది పొలం, పైస, తాళంచెవులు అన్ని ఆయన చేతులనే. ఒంటిగంట కొట్టినంక ఓంప్రకాశ్ వచ్చిండు. మామ మొఖం చూసి గప్పుడు తనే ఎత్తి కార్ల పడుకోబెట్టిండు.

ఇగ అక్కడికెల్లి కరీంనగర్ దాక అంబదాసు ఏనాడు తోలనట్టు తోలిండు. లారీల సందులకెల్లి దూరిండు. రైలు గేటొక్కటి పడ్డది. నాలుగు నిమిషాలు హారను మీద చెయ్యి తియ్యలే. వెనుకకెల్లి బాలలక్ష్మి "జల్ది పోరా, జల్ది పోరా" అని ఒక్కటే తీరు ఏడుస్తుంది. నలభై ఎనిమిది కిలోమీటర్లు ముప్పై తొమ్మిది నిమిషాలు. దవాఖాన మెట్ల కాడ స్ట్రెచరు మీద వేసేటప్పుడు రాజయ్య అంబదాసు మణికట్టు పట్టుకున్నడు. లోపటికి పోయినంక పది నిమిషాలకు డాక్టర్ బయటికొచ్చి, "ఒక్క అరగంట ముందు తెచ్చినా చూస్తుంటిమి" అన్నడు.

గా అరగంట ఎవలదో గా ముగ్గురికి తెలుసు. గని ఆ మాట ఊళ్లెకు వచ్చేసరికి దాన్ని ఎవలో ఒకలి మెడల వెయ్యాల్సి వచ్చింది.

దినాలకు పోయిన అంబదాసును టెంటు కింద ఎవ్వలు కూసో అనలే. రాజయ్య అక్క లస్మవ్వ లేచి ఎదురొచ్చి, పదిమందిల రొమ్ము కొట్టుకున్నది.

"ఎద్దుబండి తోలినట్టు తోలి నా తమ్ముని పానం తీస్తివి గదరా! అంబులెన్సుకు ఫోన్ చేస్తే బతుకుతుండె నా తమ్ముడు!"

అంబదాసుకు మొదలు సమజ్ గాలే. ఓంప్రకాశ్ దిక్కు చూసిండు. ఓంప్రకాశ్ భోజనాల కాడ ఇస్తర్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నడు.

"బావా, జర చెప్పు" అని అంబదాసు ఫోన్ తీసి ముందట పెట్టిండు. "పొద్దున్నే వచ్చింది. నూట పద్దెనిమిది. ఇగో, ఫోటోల నువ్వు గూడ ఉన్నవు."

నలుగురు వంగి చూసిండ్రు. ఓంప్రకాశ్ గూడ చూసి, ఫోన్ ఆయన చేతులనే పెట్టి, మెల్లగ అన్నడు. "ఒక్క జాగల ఉరికిచ్చినవు, ఒప్పుకుంట. మిగిలిన రోడ్డు సంగతేంది? రైలు గేటు కాడ నిలబడితివా లేదా?"

"గేటు పడితే రైలు మీదికెల్లి పోతనా బావా?"

"ఇంకో తొవ్వ లేకుండెనా? డ్రైవర్‌వు నువ్వు, నేనా?"

బాలలక్ష్మి దండేసిన ఫోటో పక్కన కూసోని నేల చూస్తుంది. ఆమె నోరు తెరిస్తే అయిపోతుండె. తెరువలే. చావైన ఇంట్ల, పదకొండో దినం నాడు, గంటన్నర మీ వాకిట్లనే పోయిందని అనే మనసు అంబదాసుకు రాలే. అన్నం తినకుంటనే ఇంటికొచ్చిండు.

వారం దినాలల్ల ముగ్గురు కిరాయి వద్దన్నరు. అంబదాసు కరీంనగర్ పోయి వకీలు నవ్యశ్రీని కలిసిండు. ఒకసారి వాళ్ల చెల్లె పెండ్లికి కారు తోలిన పరిచయం. ఆమె చలాన్ చూసి కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"చూడు అంబదాస్, ఫైన్ కట్టుడు మీసేవల ఐదు నిమిషాల పని. కడితే తప్పు ఒప్పుకున్నట్టే. ఇంత స్పీడు కాబట్టి లైసెన్సు మూడు నెలలు ఆపే అధికారం ఆర్టీవోకు ఉంటది. లోక్ అదాలత్‌ల కూసున్నా తక్కువ కట్టిస్తరు గని, గదీ ఒప్పుకునుడే."

"మూడు నెలలు బండి ఆగితే మేం ఏం తినాలె మేడం?"

"అందుకే చెప్తున్న. ప్రాణం మీదికొస్తే పోయిన్నని పోలీసులకు అర్జీ పెట్టుకోవచ్చు. దవాఖాన చీటీ, పేషెంట్ ఇంటోళ్ల సంతకంతోని ఒక కాయితం కావాలె. అవి తెస్తే చలాన్ తీసేసే అవకాశం ఉంది. అది గాకపోతే కోర్టుల కొట్లాడుడే. కొట్లాడితే ఆ స్పీడును వాళ్లే రుజువు చెయ్యాలె, నువ్వు గాదు."

సంతకం మాట ఇని అంబదాసుకు పానం లేచొచ్చింది. చలాన్ పోవుడు ఒకటి, జోరుగ తోలిండని వాళ్ల చేతులతోని రాసిచ్చుడు ఇంకోటి. తెల్లారే ఓంప్రకాశ్ ఇంటికి పోయిండు. ఓంప్రకాశ్ వాకిట్ల మంచం మీద కూసోని కాయితం అంత చదివిండు. రెండోసారి గూడ చదివిండు. మడత పెట్టి తిరిగి ఇచ్చిండు.

"గిది నేనెట్ల పెడ్త? పెడితే నువ్వు జోరుగ తోలినవని నేనే ఒప్పుకున్నట్టు."

"తోలిన గద బావా!"

"మరి మా మామ ఎందుకు సచ్చిండు?" అన్నడు ఓంప్రకాశ్. కండ్లల్ల కోపం లేదు, భయం ఉంది. "ఊరు అడుగుతది. నా పెండ్లాం అడుగుతది. పో అంబదాసూ. దవాఖాన చీటీ గూడ లేదు. ఎటో పోయింది."

కోర్టు మొదటి వాయిద నాటికి అంబదాసు మూడు రాత్రుల సంది సరిగ్గ పండలే. మెజిస్ట్రేటు కాయితాల మీదికెల్లి తల ఎత్తకుంటనే అడిగిండు. "నూట పద్దెనిమిది వేగంతో పోయినట్టు ఆరోపణ. ఒప్పుకుంటవా?"

అంబదాసు గొంతుల మాట సిద్ధంగుంది. పోయిన సార్, నూట పద్దెనిమిదే పోయిన, ఇంకా పోతుంటి గని బండి పోలే, రాసుకోండ్రి, ముద్ర గొట్టి ఇయ్యుండ్రి అనాలని ఉంది. గా ఒక్క కాయితం ఊళ్లె గోడకు అంటిద్దామని ఉంది. గని పొద్దున బస్సెక్కేటప్పుడు అనసూర్య అంగి పట్టుకొని అన్నది యాదికొచ్చింది. "నీ ఇజ్జత్ కోసం లైసెన్స్ పోగొట్టుకొని రాకు. నా బీడీలతోని ఇల్లు ఎల్లదు." నవ్యశ్రీ పక్కకెల్లి చూస్తుంది.

"ఒప్పుకోను సార్" అన్నడు. ఆ మాట తన నోట్లెకెల్లి వచ్చినట్టు అనిపియ్యలే.

రెండో వాయిదకు కానిస్టేబుల్ రాలే. మూడో వాయిదకు ఒక ఫైలు పట్టుకొని వచ్చిండు. స్పీడు కొలిచే మిషిన్ సరిగ్గ పనిచేస్తుందని ఏడాదికోసారి ఇచ్చే సర్టిఫికెట్ ఎక్కడుందని నవ్యశ్రీ అడిగింది. కానిస్టేబుల్ తీసి ఇచ్చిండు. దాని గడువు గా సోమవారానికి పంతొమ్మిది దినాల ముందే అయిపోయింది. ఇంక ఎక్కువసేపు పట్టలే. కొలిచిన మిషిన్‌నే నమ్మే వీలు లేదు కాబట్టి కారు ఆ వేగంతోని పోయిందనేది రుజువు కాలేదని, కేసు కొట్టేస్తున్నమని మెజిస్ట్రేటు చెప్పిండు.

మెట్ల మీద నవ్యశ్రీ చెయ్యి కలిపింది. "గెలిచినవు అంబదాస్. లైసెన్స్ గురించి ఫికర్ చెయ్యకు."

"మేడం, నేను జోరుగనే పోయిన్నని కాయితంల ఎక్కడన్న ఒక్క ముక్క రాపియ్యొచ్చా?"

ఆమె నవ్వబోయి, ఆయన మొఖం చూసి ఆపుకున్నది. "ఒప్పుకోనని నువ్వే చెప్పినవు గద."

అనసూర్య సంతోషం పట్టలేక బీడీల కార్ఖానల అందరికి చెప్పుకున్నది. ఆ మాట బాలమల్లు హోటల్ దాక పోయింది. మర్నాడు అంబదాసు చాయ్ తాగుతుంటే ఓంప్రకాశ్ వచ్చి ఎదురుంగ కూసున్నడు.

"గెలిచినవట గద. ఏం రాసిండ్రు? చూపియ్యరాదు."

హోటల్ల పది మంది ఉన్నరు. ఇయ్యకపోతే దాసుకున్నట్టు. ఇచ్చిండు. ఓంప్రకాశ్ లేచి నిలబడి, బడిల పాఠం చదివినట్టు ఒక్కొక్క ముక్క ఒత్తి చదివిండు. "కారు ఆ వేగంతోని పోయిందనేది రుజువు కాలేదు." కాయితం దించి అందరి దిక్కు చూసిండు. "నేనంటే నమ్మకపోతిరి. కోర్టే అన్నది. జోరుగ పోలేదని తనే వకీలును పెట్టి చెప్పించుకున్నడు."

"పోయినవా లేదా, ఒక్క మాట చెప్పు అంబదాసూ" అన్నడు బాలమల్లు.

"పోయిన."

"మరి కోర్టుల లేదంటివి గద?"

గప్పుడన్న అంబదాసు అసలు ముచ్చట మొత్తం బయటపెడ్దామని నోరు తెరిచిండు. మీ వాకిట్ల గంటన్నర నా బండి ఆగలేదా అన్నడు. ఓంప్రకాశ్ నిమ్మళంగ అన్నడు. "ఎవలు చూసిండ్రు? మా అత్తమ్మను అడుగుదామా?"

అంబదాసు అడగనీకి పోయిండు. ఒక్కడే, పగటీలి, ఓంప్రకాశ్ చేనుకాడ ఉన్న యాళ్ల చూసుకొని. బాలలక్ష్మి వాకిట్ల కందులు ఎండబోస్తుంది. పీట వేసింది. నీళ్లిచ్చింది. ఆయన తాగేదాక చూసింది.

"చిన్నమ్మా, నీకు తెల్వదా? పోదామని నేను మూడుసార్లు అనలేదా?"

"అన్నవు."

"ఎంత జోరుగ తోలిన్నో తెల్వదా?"

"తెలుసు బిడ్డా. ఆ మూల మలుపుల కాడ మనం ముగ్గురం గూడ సస్తమనుకున్న."

అంబదాసు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "మరి ఒక్క మాట ఊళ్లె చెప్పరాదు?"

బాలలక్ష్మి కందులల్ల రాళ్లు ఏరుడు ఆపలే. "నా బిడ్డ నవనీతకు ఐదో నెల. వాళ్ల బాపును వాళ్లాయనే ఆపి సంపుకున్నడని దానికి నేనెట్ల చెప్తరా? చెప్తే అది ఆయనతోని ఉంటదా? ఈ ఇల్లు ఉంటదా? ఎవలో ఒకలు మొయ్యాలె. నువ్వైతే మాకు ఏమైతవు? కిరాయికి పిలిస్తే వచ్చినోనివి."

"చిన్నమ్మా, నా బతుకు పోతుంది."

"ఇంకో ఊరు పోతవు. బండి ఉన్నోనికి ఏ ఊరైతేంది?" అన్నది. కోపంగ అనలే. నిజంగనే ఒక తొవ్వ చూపెడుతున్నట్టు అన్నది. "లే బిడ్డా, అల్లుడు వచ్చే యాళ్లయింది. నిన్ను చూస్తే ఆయన పరేషాన్ అయితడు."

ఉగాదికి ముందే అంబదాసు కారు అమ్మిండు. ఆదిలాబాద్ల ఒక జిన్నింగు మిల్లు సేటు దగ్గర డ్రైవర్‌గ కుదిరిండు. సేటు మరాఠీల మాట్లాడుతడు, ఎప్పుడు తొందరనే. అంబదాసు అరవై దాటడు. రెండుసార్లు తిట్లు తిన్నడు గని కాలు కిందికి పోదు.

అనసూర్య ఇంకా ఊళ్లెనే ఉంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తది. ఒక ఆదివారం అటిటు మాట్లాడి, చివరికి చెప్పింది. ఊళ్లె ఆపదకు ఒక్క బండన్న లేదని అందరు అంటుంటే ఓంప్రకాశ్ కారు తెచ్చిండట. కిరాయికి తిప్పుతున్నడట. ముందు అద్దం మీద రాజయ్య ఫోటో అంటిచ్చిండట.

"మొన్న దేవవ్వ కోడలికి నొప్పులొస్తే గా కార్లనే తీస్కపోయిండ్రు. మంచిగ కాన్పయింది. ఊరంత ఆయననే మెచ్చుకుంటుండ్రు" అన్నది. "ఇంటున్నవా?"

"ఇంటున్న" అన్నడు.

లోపటికెల్లి సేటు పిలిచిండు. అంబదాసు ఫోన్ జేబుల వేసుకొని, కారు తలుపు తీసి పట్టుకొని నిలబడ్డడు.