మేడ మీది పిలుపు

ఆ పొద్దున మిషను ఒక్కసారి కూడా ఆపాల్సిన పని పడలేదు. పన్నెండయ్యేసరికి ఆమె ఆసుపత్రి వాళ్ల దిండు గలీబులు ముప్పై ఆరు కుట్టేసింది. మామూలుగా ఇరవై దాటవు. నాన్నకి ఇవాళ ఒంట్లో తేలిగ్గా ఉన్నట్టుంది అనుకుంది.

నాన్న మేడ మీద గదిలో ఉంటాడు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు. పక్షవాతం వచ్చాక కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, గొంతు గుమ్మం దాటి రాదు. ఎడమ చేతిలో ఫోను నిలవదు. అందుకని ఆమె రెండు స్మార్ట్ స్పీకర్లు కొంది. ఒకటి ఆయన తలాపున, ఒకటి మిషను పక్కన. ఆయన "కిందికి చెప్పు" అని, "అమ్మడూ" అంటే, ఆ మాట మిషను చప్పుడును మించి వినపడేది.

అన్నం పట్టుకుని పైకి వెళ్లింది. దుప్పటి తడిసి, చల్లబడి ఉంది.

"పిలవలేదేం నాన్నా?"

"పిలిచాను. ఎనిమిదింటి నుంచి."

ఆమె స్పీకరు దగ్గరికెళ్లి "కిందికి చెప్పు" అంది. ఆ సదుపాయం ఇప్పుడు లేదని చెప్పి, పాట పెట్టమంటారా అని అది అడిగింది.

"పొద్దుట్నుంచీ అదే అడుగుతోంది" అన్నాడు నాన్న. "రెండుసార్లు పెట్టమన్నాను కూడా. పాట విని అయినా వస్తావేమోనని."

దుప్పటి మార్చి, అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది. ఒకమ్మాయి ఎత్తింది.

"నిన్నటి అప్‌డేట్‌లో తీసేశామండి. వాడేవాళ్లు తక్కువని."

"మేం వాడుతున్నాం కదమ్మా."

"అవునండి. ఆ తక్కువలో మీరూ ఉన్నారండి."

"కొన్నప్పుడు ఉంది. డబ్బా మీద రాసుంది."

"డబ్బా మీద ఉంటుందండి. ఇంకేమైనా సహాయం కావాలాండి?"

అక్కర్లేదంది.

"నువ్వే తీయించావనుకున్నాను" అన్నాడు నాన్న. "మొన్న విసుక్కున్నావుగా, గంటకి పదిసార్లు పిలిస్తే పని ఎప్పటికి తెమిలేదని."

"నేను కాదు నాన్నా. కంపెనీవాళ్లు."

"మనింట్లో సామానుతో వాళ్లకేం పని?"

ఆయన నమ్మినట్టు లేదు.

సాయంత్రం బజారుకెళ్లి ఒక ఇత్తడి గంట తెచ్చింది. మిషను పైన కొక్కేనికి కట్టి, తాడును కిటికీలోంచి మేడ మీదికి లాగి, ఆయన ఎడమ మణికట్టుకు తగిలించింది.

"బస్సులోలాగే. ఒకటి కొడితే ఆపాలి, నేను వస్తాను. రెండు కొడితే పోవచ్చు, ఏమీ అక్కర్లేదని. గుర్తుందా?"

"నాకా చెప్తున్నావు?"

మర్నాడు గంట నాలుగుసార్లు మోగింది. ప్రతిసారీ రెండేసి. ఆ తర్వాతి రోజూ అంతే. గలీబులు చకచకా తయారయ్యాయి.

మూడో రోజు అన్నం వేళకి పైకి వెళ్లి దుప్పటి పట్టుకు చూసింది. తడిగా ఉంది. చల్లగా ఉంది.

"రెండెందుకు కొట్టావు నాన్నా?"

ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు: "దిగేవాడొక్కడి కోసం ఊరికే బండి ఆపితే డ్రైవరు తిట్టేవాడు."

ఆమె దుప్పటి మార్చింది. అన్నం పెట్టింది. మూతి తుడిచింది. కిందికి వచ్చి మిషను ముందు కూర్చుని, ఆగిన చోట సూది దింపింది.

అయిదు గలీబులయ్యాక గంట మోగింది. రెండుసార్లు.

కుట్టు మధ్యలో వదిలేసి మెట్లెక్కింది.