మాట వస్తే బొమ్మ వచ్చినట్టే

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే ఇంట్లోనూ, సెట్‌టాప్ బాక్సులు బాగుచేసే షాపులోనూ అందరికీ ఆమె మిరపకాయే. ఆ శనివారం పొద్దున్న ఆ కోపమంతా కేబుల్ కంపెనీ మీద ఉంది. సిగ్నల్ పద్ధతి మారుస్తున్నారట. నాలుగింటికి మనిషి వచ్చి బావ ఇంట్లో పాత డబ్బా పట్టుకుపోతాడట. దాంట్లో రికార్డు చేసుకున్నవి కొత్తదాంట్లోకి రావట.

పోతే పోయాయిలే అనుకోవడానికి అవి సీరియళ్ళు కావు. అక్కవి.

అక్క లోకల్ ఛానెల్లో మధ్యాహ్నం వార్తలకు సైగలు చేసేది. తెర మూలన చిన్న చదరంలో నిలబడి, చదివేవాడి మాటలన్నీ చేతులతో చెప్పేది. బావకు పుట్టు చెవుడు. పుస్తకాలకు అట్టలు కట్టే పని ఆయనది. రోజూ భోజనానికి ఇంటికొచ్చి, పెళ్ళాం చెప్పే వార్తలు చూసి మళ్ళీ పనికి పోయేవాడు. అక్క పోయి పది నెలలైంది. ఛానెల్ వాళ్ళు పాతవన్నీ చెరిపేశారు. ఆ డబ్బాలో మిగిలినవి పదకొండు. ఇంట్లో ఉన్నవన్నీ ఫొటోలే, ఫొటోలో చేతులు మాట్లాడవు.

“టీవీలో వస్తుంటే ఫోన్‌తో వీడియో తీసేద్దాం,” అన్నాడు బావ, చేతులతోనే.

“ఆ అగ్గిపెట్టెంత చదరంలో వేళ్ళు కనిపిస్తాయా బావా? అంతా మసకగా వస్తుంది. డబ్బా వెనక డేటా వచ్చే పోర్టు ఉంది. ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి దింపేస్తాను,” అంది. అక్క నేర్పిన సైగలే, కాకపోతే ఈమెవి కాస్త నత్తి సైగలు.

“చివరిదాకా చూస్తే ఆ డబ్బా చెరిపేస్తుంది. నేనెప్పుడూ ఓ నిమిషం ముందే ఆపేస్తాను. మర్చిపోకు.”

“ఈ డబ్బాలతోనే బతుకుతున్నా. నాకు చెప్తావా?”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బావ పనికి వెళ్ళిపోయాడు.

ఆమె వైరు తగిలించింది. ల్యాప్‌టాప్ పాతది. బొమ్మ చూపిస్తూ డేటా పట్టుకోమంటే తడబడుతుంది. అందుకని బొమ్మ ఆపేసింది. టీవీ కూడా ఆపేసింది. అక్క చేతులు చూస్తే తన చేతులు ఆడవని ఆమెకు తెలుసు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ షాపులో ఓ లెక్క ఉంది, మాట వస్తే బొమ్మ వచ్చినట్టే అని. రోజుకు నలభై డబ్బాలు చూసేవాళ్ళు అన్నిటికీ తెర పెట్టి కూర్చుంటారా? ప్రతిసారీ వార్తలు చదివేవాడి గొంతు ఖంగుమని వినిపించింది, ఫైలు పెరిగింది, ఈమె చీటీ మీద టిక్కు పెట్టింది.

ఆఖరి నిమిషం కూడా వదలకూడదని ప్రతిదీ చివరిదాకా పోనిచ్చింది. డబ్బా ఒక్కొక్కటే చెరిపేసుకుంటూ వచ్చింది. చెరిపితే చెరపనీ, కాపీ చేతిలో ఉందిగా అనుకుంది. చెరపొద్దని చెప్పడానికి నాలుగు బటన్లు నొక్కితే చాలు. ఆ నాలుగూ నొక్కలేదు.

పదోది పూర్తయ్యేసరికి బావ భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కోకుండానే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మొదటి ఫైలు తెరిచాడు.

తెర నల్లగా ఉంది.

రెండోది తెరిచాడు. మూడోది. పదీ నలుపే. బావకు పైకీ కిందికీ జరిగే గీత ఒకటి కనిపించింది, గొంతు కొలిచే గీత. వేలితో దాన్ని చూపిస్తూ ఆమె వైపు తిరిగాడు.

అప్పుడు అర్థమైంది ఆమెకు. కంపెనీ వాళ్ళు బొమ్మకు తాళం వేసి, మాటను వదిలేశారు. అరికాలి మంట నెత్తికెక్కింది. స్క్రూడ్రైవర్ గోడకేసి కొట్టింది. కంపెనీకి ఫోన్ చేస్తే తొమ్మిది నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు, వేచి ఉండమన్నారు. ఆమె తిట్టిన తిట్లన్నీ ఆ మిషనే విన్నది.

“నువ్వు చెవులతో చూశావు,” అన్నాడు బావ. “నా కోసం తీస్తూ, చెవులతో చూశావు!”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పదకొండోది చెరిగిపోకుండా ఆ నాలుగు బటన్లూ నొక్కింది.

నాలుగింటికన్నవాడు రెండింటికే దిగాడు. చంకలో కొత్త డబ్బా, చేతిలో రసీదు.

“నాలుగన్నారు కదయ్యా!”

“ఇంకా పన్నెండు ఇళ్ళున్నాయమ్మా. అటూ ఇటూ అవుతుంది.”

“పావుగంట ఆగు.”

“నా చేతుల్లో ఏముందమ్మా, అయిదింటికల్లా అన్నీ అప్పజెప్పాలి.”

“చేతుల సంగతి నువ్వు నాకు చెప్పకు!” అని గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచింది. అతని మీద కోపం కాదని అరుస్తున్న ఆమెకీ తెలుసు. అయినా నోరు ఆగలేదు.

బావకు ఆ గొడవేదీ వినపడదు. పుస్తకాల దొంతరకు తన ఫోన్ ఆనించి, వీడియో నొక్కి, టీవీలో పదకొండోది వేశాడు. మూలన చదరంలో అక్క చేతులు లేచాయి. ఎక్కడో వంతెన మూసేశారని, ఎండలు పెరుగుతాయని చెప్తోంది. వచ్చినతను ఆ చేతుల్నీ, వాటిని రెప్ప వాల్చకుండా చూస్తున్న మనిషినీ చూసి, డబ్బా కింద పెట్టి మెట్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ టైము సంగతి ఎత్తలేదు.

అలవాటు కొద్దీ బావ ఓ నిమిషం ముందే ఆపేశాడు. చెరగదని ఆమె చెప్పబోయింది. ఆయన ఇటు చూడలేదు.

వైర్లు తనే పీకి, డబ్బా తనే తెచ్చి అతని చేతిలో పెట్టాడు. సంతకం చేశాడు. ఆమె బావ ఫోన్ అందుకుని చూసింది. వేళ్ళు మసకగానే వచ్చాయి. ఆ మాట అనే మొహం ఆమెకు లేదు.

“తప్పు నాదే బావా,” అంది. ఈసారి సైగ నత్తి లేకుండా వచ్చింది.

బావ ల్యాప్‌టాప్ నుంచి పెన్‌డ్రైవ్ పీకాడు. ఆమె అరచేయి తెరిచి అందులో పెట్టి, వేళ్ళు గట్టిగా మూశాడు.

“ఈ పదీ నువ్వే ఉంచుకో,” అన్నాడు. “నీకు వినిపిస్తాయిగా.”