కీర్తిశేషుల బల్ల

నిలబడటం ప్రాణికోటికి ప్రకృతి, కూర్చోవడం నాగరికత. ఈ పరమసత్యాన్ని లోకానికి చాటడానికి అవతరించిన నేను ఒక ఆసుపత్రి బల్లను. సముద్రపు గాలి సోకే ఒక పాత పట్టణంలో, పెద్దాసుపత్రి ఆపరేషన్ గది ఎదుట వరండాలో, చాలాకాలం కొలువు తీర్చాను. నేను మద్దిచెట్టుగా ఉన్నప్పుడు నా నీడలో పులులు విశ్రమించేవని నన్ను చేసిన వడ్రంగి అనగా విన్నాను. అతడు ఏ చెక్క గురించైనా ఆ మాటే అంటాడని తరువాత తెలిసింది.

నన్ను చేయించినది అప్పలకొండ. ప్రసూతి వార్డులో ఆయాగా జీవితమంతా పనిచేసి, రోగుల తాలూకు మనుషులు నేలమీద చతికిలబడి ఎదురుచూడటం చూడలేక, ఉద్యోగ విరమణ నాడు నన్ను కానుకగా ఇచ్చింది. ఆమెకు చదువు రాదు. తన పేరు అక్షరాలై ఒకచోట నిలవాలన్నది ఒక్కటే ముచ్చట.

ఆ ముచ్చట పెయింటరు సూరిబాబు చేతిలో పడింది. ఆసుపత్రికి అంతవరకు వచ్చిన బల్లలన్నీ పోయినవారి పేరిట వచ్చినవే గనుక, ‘కీ.శే.’ అని ముందూ, ‘గారి జ్ఞాపకార్థం’ అని వెనుకా కోసిన రేకు అచ్చు ఒకటి అతని దగ్గర ఉండేది. నడుమ ఖాళీలో పేరు మాత్రం చేత్తో రాసేవాడు. అలవాటైన చేయి ఆలోచనకోసం ఆగదు. ఎదుట నిలబడి టీ గ్లాసు అందిస్తున్న అప్పలకొండను అతడు నా వీపుచెక్కమీద, పచ్చరంగులో, నిశ్చింతగా స్వర్గస్థురాలిని చేశాడు.

చదివిన నర్సులు నాలుక కరుచుకున్నారు. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె మాత్రం ప్రతి మధ్యాహ్నం వచ్చి, ఫినాయిలు వాసన, సముద్రపు ఉప్పు కలగలిసిన ఆ మగత గాలిలో కూర్చుని, తన మరణవార్తను వేలితో మురిపెంగా నిమిరేది. ఆ స్పర్శకు నాకు కునుకు పట్టేది. కలలో నా కాళ్ళకు వేళ్ళు మొలిచేవి.

రెండేళ్ళకు ఆమె కడుపులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ ముందునాడు నామీదే కూర్చుంది. పక్కన కూర్చున్న పల్లెటూరివాడొకడు వెనక్కి తిరిగి, కూడబలుక్కుని చదివాడు.

“ఎవులో గానీ పుణ్యాత్మురాలు. పోయినా పేరుండిపోనాది.”

“పోవడమేటి బాబూ? అప్పలకొండంటే నానే!”

అతడు ముందు ఆమె పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూశాడు. తరువాత నా చివరి అంచుకు జరిగాడు.

కబురందుకున్న సూరిబాబు గీకుడు బ్లేడుతో పరుగున వచ్చాడు.

“రేపు నన్ను కోత్తారు. నువ్వు ముందే సంపీసినావేట్రా?”

“తప్పయిపోనాది పిన్నీ. పోనారని పుకారొత్తే ఆయుస్సు పెరుగుతాదంతారు గదా... ఉండు, ఇప్పుడే గీకేత్తాను.”

బ్లేడు ‘కీ’ మీద ఆనగానే ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“ఆగరా. రేపు యముడొచ్చినాడనుకో. ఇది సదువుతాడు. ఓహో, ఈ ముసల్దాని పని మునుపే అయిపోనాది గావాల అని ఎల్లిపోతాడు. ఉంచీ.”

“యముడికి తెలుగొచ్చా పిన్నీ?”

“ఈ ఊర్లో ఇంతమందిని అట్టుకెల్లినాడు. రాకండా ఉంతాదేటి?”

నవ్విందే గానీ, ఆ రోజు చీకటి పడేదాకా నా అంచును వదలలేదు.

మరునాడు ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. నాలుగు గంటలు. మృత్యువుకూ ఒక ముసలిదానికీ మధ్య నేను శిలాశాసనంలా నిలిచాను. ఆమె బతికి బయటపడింది. పదకొండేళ్ళపాటు కనబడినవారికల్లా నన్ను చూపించి, “యముడిని ఎనక్కి పంపించిన బల్ల ఇదే” అని చెప్పింది. చివరికి ఇంట్లో, నిద్రలో, నాకు దూరంగా ఉన్నప్పుడు పోయింది.

ఈలోగా వేలమంది వీపుల రాపిడికి ‘కీ.శే.’తో పాటు ‘గారి జ్ఞాపకార్థం’ కూడా చెరిగిపోయింది. బతికినన్నాళ్ళూ చచ్చినట్టున్న ఆమె పేరు, చచ్చిన తరువాత బతికినట్టు మిగిలింది. ఇప్పుడు నేను ఆసుపత్రి వెనుక, విరిగిన మంచాల గుట్టలో, వానకు తడుస్తూ పులుల కలలు కంటున్నాను. మృత్యువును ఓడించిన కీర్తి నాది.

అయితే, ఆపరేషన్ నాడు పొద్దున్నించి సాయంత్రం దాకా నా వీపుమీద వార్డు దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.